శిబ్‌పూరు వృక్షోద్యానమున ఒక దినము

కార్తికమాసము వచ్చినదనగా తెలుగునాట కుటుంబములు వనభోజనములకు బయలుదేరును. తోటలో ఒక ఉసిరిచెట్టును చూచుకొందురు. దాని మొదట అలికి ముగ్గు పెట్టుదురు. రాళ్లపొయ్యి మీద వంట సాగును. పిల్లలు కొమ్మలెక్కుదురు, పెద్దలు చాపలపై కూర్చుండి లోకాభిరామాయణము చెప్పుకొందురు. విస్తళ్లలో భోజనములైన పిమ్మట ఎండ చల్లబడువరకు ఎవరును కదలరు. ఈ ఆచారము పుణ్యము కొరకే యేర్పడినదని చెప్పి ఊరకుండుట చాలదు. ఇందులో ప్రయాణమునకు కావలసిన ప్రణాళిక యంతయు ఇమిడి యున్నది. వానలు వెనుకబట్టి నేల ఆరిన మాసమును పెద్దలు ఎన్నుకొనిరి. నీడయు, నీరును గల తావును ఎన్నుకొనిరి. అన్నింటికంటె ముఖ్యముగా, తోటలో ఎన్ని చెట్లున్నను కూర్చుండుటకు ఒక్క చెట్టునే ఎన్నుకొనిరి. ముసలివారు మొదలు చంటిపిల్లల వరకు అందరును ఆ నీడకు చేరగలిగినప్పుడే అది వనభోజనమైనది.

నేడు అనేక కుటుంబములు పట్టణవాసములు. ఊరి తోటలు కొన్ని ఇండ్ల స్థలములైనవి, కొన్ని కంచెల వెనుకకు పోయినవి. పిల్లలకు సెలవు దొరికిన దినమున కుటుంబమంతయు పచ్చని చోటికి పోవలెనన్నచో ప్రభుత్వోద్యానములే గతి. వానిలో పెద్దవి వృక్షశాస్త్రోద్యానములు. అచ్చటికి పోవు వారి ఉత్సాహము గొప్పది; ప్రణాళిక మాత్రము తరచుగా తిరునాళ్లకు పోవువారి ప్రణాళిక వలె నుండును. చూడవలసిన వాని జాబితా ఒకటి వ్రాసికొందురు. ఉదయము పదిగంటలకు ద్వారము దాటి, సాయంకాలము నాలుగు గంటల లోపల జాబితా పూర్తి చేయవలెనని పరుగు తీయుదురు. ప్రతి చెట్టు ముందును నిలుచుండి సెల్‌ఫోనులో బొమ్మ తీసికొందురు. చెట్టు పేరు చదువుటకు తీరిక ఉండదు.

ఈ తీరు ప్రణాళికలో మొదట నష్టపడునది ఇంటి పెద్దది. "అత్తయ్యగారు అంత దూరము నడువలేరండి, ఇంటివద్దనే ఉండనిండు" అని కోడలు మెల్లగా అనును. "నా కోసము మీరెందుకాగుట? మీరు పోయి రండి నాయనా" అని ఆమెయు అనును. ఇద్దరి మాటలోను ప్రేమయే కలదు. కాని ఆ దినమున ఉద్యానమునకు పోయినవారిలో చెట్టును చూచి దాని పేరు చెప్పగలిగిన మనిషి ఒక్కరును ఉండరు. ఆ యొక్క మనిషియు ఇంటివద్ద వాకిలి చూచుచు కూర్చుండును. పెద్ద ఉద్యానమునకు కుటుంబముతో పోవువారు మొదట తీర్చుకొనవలసిన విషయమిది. అందరికంటె మెల్లగా నడుచువారి అడుగును కొలతగా పెట్టుకొని ఆ దినమును ఏర్పరచుకొనవలెను. ఇది కేవలము దయాదాక్షిణ్యముల మాట కాదు. దీనివలన కుటుంబమునకు కలుగు లాభమెట్టిదో తెలియుటకు తెలుగువారితో సంబంధము గల ఒక ఉద్యానమునే ఉదాహరణముగా తీసికొనవచ్చును.

గంగయొడ్డున తోట

కలకత్తాకు ఎదుట, హుగ్లీనది పడమటి యొడ్డున హౌరా నగరములోని శిబ్‌పూరునందు భారత వృక్షోద్యానము కలదు. దాని విస్తీర్ణము సుమారు 273 ఎకరములు. 2009 నుండి దానికి ఆచార్య జగదీశచంద్ర బోసు పేరు పెట్టిరి. 1963 నుండి భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ దీనిని పోషించుచున్నది. ఎండుమొక్కలను కాగితములపై అంటించి భద్రపరచు కేంద్రజాతీయ భాండారము కూడ ఇచ్చటనే యున్నది. అందు సుమారు 20 లక్షల నమూనాలు కలవు.

తెలుగువారికి ఈ చోటు దూరమేమియు కాదు. బెంగాలు-నాగపూరు రైల్వే నాటినుండి ఖరగ్‌పూరులో తెలుగు కుటుంబములు స్థిరపడి యున్నవి. వారు ఉదయపు లోకల్ బండిలో బయలుదేరి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. ఆంధ్రదేశమునుండి పోవువారికి దారి మరియొక విధముగా సుళువైనది. చెన్నపట్టణమునుండి విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణముల మీదుగా పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్సు 2022 నుండి హౌరాకు బదులు షాలిమారు స్టేషనుకు చేరుచున్నది. షాలిమారు శిబ్‌పూరు ప్రాంతములోనిదే. హౌరా స్టేషనునుండియైనచో ఉద్యానము ఇంచుమించు 8 కిలోమీటర్లు.

ఈ తోటను 1787లో స్థాపించినవాడు రాబర్టు కిడ్ అను ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగి. అప్పటికి 17 సంవత్సరముల క్రిందట, అనగా 1770లో, వంగదేశము ఘోరమైన క్షామమున కూలినది. వింతమొక్కలను కూర్చి కన్నులపండువుగా చూచుకొనుటకు కాక, జనులకు ఆహారమై ఉపయోగించు చెట్లను పెంచి దేశమంతట పంచుటకు తోట కావలెనని కిడ్ ప్రభుత్వమునకు వ్రాసెను. ఓడలకు టేకు, సంతకు సుగంధద్రవ్యములు కావలెనన్న వర్తకుల కోరికయు అందు చేరియున్నది. క్షామభయమును, కంపెనీ లాభమును కలిసి ఈ తోటకు విత్తనములైనవి. పిల్లలకు ఈ సంగతిని బయలుదేరుటకు ముందురాత్రియే చెప్పుట మంచిది. ఆకలికి విరుగుడు వెదకుటకు పుట్టిన తోట యని తెలిసికొని పోయిన బాలుడు, ఆటస్థలమని తలచి పోయిన బాలునికంటె ఎక్కువ చూచును.

సామర్లకోట సంబంధము

కిడ్ 1793లో మరణించెను. అదే సంవత్సరమున ఆ తోటకు అధిపతిగా వచ్చినవాడు విలియం రాక్స్‌బరో. ఆయన వచ్చినది ఇంగ్లండునుండి కాదు. నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటనుండి. వృత్తిచే కంపెనీ వైద్యుడైన రాక్స్‌బరో అంతకుముందు పదియేండ్లకు పైగా సామర్లకోటలో నివసించి, అచ్చట మిరియాలతీగెలు మొదలుగా అనేకములైన మొక్కలను పెంచి పరీక్షించెను. వాతావరణ వివరములను వ్రాసియుంచెను. 1789-92 సంవత్సరముల నడుమ ఉత్తరసర్కారులను పట్టిన క్షామమును ఆయన కన్నులార చూచెను.

గోదావరీ మండలపు పొలములలోను, కొండలలోను ఆయన సేకరించిన మొక్కల వర్ణనలు, దేశీయ చిత్రకారులచే వ్రాయించిన చిత్తరువులతో 'కోరమండలతీరపు మొక్కలు' అను అర్థమిచ్చు పేరున 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో వెలువడినవి. మూడు సంపుటములలోను 300 చిత్రఫలకములు కలవు. నేడు షాలిమారుకు పోవు రైలుబండి పేరును, ఆ గ్రంథము పేరును ఒక్కటియే యగుట యాదృచ్ఛికము. సామర్లకోట స్టేషను మీదుగా సాగిపోవు ఆ బండిలో కూర్చుండిన కుటుంబమునకు మాత్రము ఆ మాట వినుటకు ఇంపుగా నుండును.

రాక్స్‌బరో చేసిన పనులలో తెలుగుభాషకు సంబంధించినది మరియొకటి కలదు. ఆయన వ్రాసియుంచిన 'ఫ్లోరా ఇండికా' ఆయన మరణానంతరము శ్రీరామపురమున, విలియం కేరీ పర్యవేక్షణమున అచ్చుపడినది. అందు మొక్కకు లాటిను పేరుతో పాటు సంస్కృతము, వంగము మొదలగు భాషలలోని పేర్లును, తెలుగు పేరును ఇచ్చెను. 1852లో సి. పి. బ్రౌను ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో చెట్లపేర్ల దగ్గర అనేకచోట్ల రాక్స్‌బరో గ్రంథమే ప్రమాణముగా కనబడును. అనగా తెలుగు పల్లెల నోటిమాట ఒక వైద్యుని పుస్తకములోనికి, అచ్చటినుండి నిఘంటువులోనికి ఎక్కినది. ఒక పేరు ఇంకను ముందుకు పోయినది. జ్వరమునకు బెరడు కషాయమిచ్చు సోమిద మానును రాక్స్‌బరో సర్కారులలో చూచి, దానిని మహాగని జాతికి చేర్చి వర్ణించెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని ప్రత్యేకజాతిగా వేరుచేసి, తెలుగు మాటనే తీసికొని 'సోయ్‌మిడా' అని పేరు పెట్టిరి. లోకములోని వృక్షశాస్త్రజ్ఞులందరును ఆ చెట్టును నేటికిని ఆ పేరుతోనే వ్యవహరించుచున్నారు.

ఆ పేరును రాక్స్‌బరోకు చెప్పినదెవరు? ఏ కట్టెలుకొట్టువాడో, ఏ మూలికావైద్యుడో, ఏ గొడ్లకాపరియో. వారి పేర్లు ఎవరికిని తెలియవు. వారు చెప్పిరి, ఒకడు విని వ్రాసికొనెను, పేరు నిలిచినది. నేడు తెలుగు ఇండ్లలో అట్లు చెప్పగలిగినవారు అరుగుమీదనో, మంచముమీదనో ఇంకను కొందరు ఉన్నారు. విని వ్రాసికొనువారే కరవైరి. ఉద్యానయాత్రకు అమ్మమ్మను, తాతయ్యను వెంటబెట్టుకొని పోవలెననుటకు ఇంతకంటె కారణము అక్కరలేదు.

ఏర్పాటులు

మొదటి ఏర్పాటు ఋతువు. వంగదేశపు వేసవి ఉక్క ముసలివారికి దుస్సహము. వానకాలమున దారులు జారును, దోమలు ముసురును. ఆశ్వయుజ కార్తికములు తుఫానుల కాలము కూడ. కావున కార్తికము చివరనుండి మాఘము వరకు, అనగా నవంబరు నడుమనుండి ఫిబ్రవరి వరకు, ప్రయాణమునకు అనుకూలము. ఫిబ్రవరి నెలాఖరున పోయినచో బూరుగ, మోదుగ పూచు కాలము ఎదురుపడును. ఒకటి మాత్రము మనస్సులో నుంచుకొనవలెను. అమెజాను నదీప్రాంతమునుండి తెచ్చి చెరువులలో పెంచు విక్టోరియా కలువ ఆకులు అంచులు పైకి మడచుకొని పెద్ద పళ్లెములవలె నుండును. వాని వైభవము వేసవికిని, వానకాలమునకును చెందినది. చలికాలమున పోవువారు పిల్లలకు వానిని గూర్చి ముందుగా ఆశ పెట్టరాదు.

రెండవది వేళ. ద్వారము తెరచు వేళను, వారపు సెలవుదినమును బయలుదేరుటకు ముందే విచారించుకొనవలెను. తినుబండారములు, ప్లాస్టిక్ సీసాలు లోనికి రానిత్తురో లేదో అదియు విచారింపవలెను. పులిహోర, దధ్యోజనము కట్టుకొని పోయి ద్వారముకడ తగవులాడుటకంటె, ముందే తెలిసికొని వెలుపల భోజనమునకు తావు చూచుకొనుట మేలు. లోపల వృద్ధులకు బండి సౌకర్యము దొరకునో లేదో, చక్రముల కుర్చీని తోసికొనిపోవచ్చునో లేదో ఆ నోటనే అడిగి తెలిసికొనవలెను. మందులు, మంచినీరు, పెద్దవారికి మడత కుర్చీయో పలుచని బొంతయో, పిల్లలకు ఒక నోటుపుస్తకము, రెండు పెన్సిళ్లు చాలును. ఉదయము పెందలకడ చేరి, మధ్యాహ్నపు ఎండకు ముందే నడక ముగించి, ఆపైన కూర్చుండుటకే కాలమంతయు నుంచుకొనవలెను.

మూడవది తావుల యెన్నిక. 273 ఎకరములను ఒక్క దినమున చూచెదమనుట వృథా ప్రయాస. మూడు తావులను ఎన్నుకొన్న చాలును. ఒకదానికిని మరియొకదానికిని నడుమ కూర్చుండుటకు నీడ ఎచ్చట నున్నదో చూచుకొనవలెను. పెద్దవారికి అలసట కలిగినచో మూడవ తావును విడిచిపెట్టుటకు ముందే అందరును ఒప్పుకొని యుండవలెను. ఈ యొప్పందము ఇంటివద్దనే జరుగవలెను. తోటలో జరిగినచో అది పెద్దవారి మీద నేరముగా పరిణమించును.

మోడు లేని మర్రి

ఎన్నుకొనవలసిన మొదటి తావు పెద్దమర్రి. దాని వయస్సు 250 సంవత్సరములకు పైబడినదని అంచనా; అనగా ఉద్యానముకంటె చెట్టే పెద్దది. ఒక ఈతచెట్టు తలపై పక్షి విడిచిన విత్తనము మొలిచి ఈ మహావృక్షమైనదని పాతకాలపు వాడుక. అది నేడు ఇంచుమించు నాలుగున్నర ఎకరముల నేలను కప్పియున్నది. దూరమునుండి చూచువారికి అది చెట్టువలె కనబడదు. చిన్న అడవివలె కనబడును. చుట్టును బాట వేసిరి. చెట్టు ఆ బాటను కూడ దాటి పెరిగినది.

ఈ చెట్టునకు నడుమ మోడు లేదు. 1864, 1867 సంవత్సరములలో వచ్చిన తుఫానులకు కొమ్మలు విరిగి, గాయముల గుండ బూజుతెగులు మోటిలోనికి దిగినది. 50 అడుగులకు పైగా చుట్టుకొలత గల ఆ మోటిని 1925లో తొలగించిరి. మొదలు పోయినను చెట్టు చావలేదు. కొమ్మలనుండి దిగిన ఊడలు నేలలో దిగబడి, వేళ్లు తన్ని, స్తంభములై కొమ్మలను మోయుచున్నవి. అట్టి ఊడలు 3000కు పైగా కలవు. లేత ఊడలు నేలకు సరిగా దిగుటకు తోటవారు వానికి వెదురుగొట్టములను ఆధారముగా కట్టుదురు. 2020 మే నెలలో అంఫాన్ తుఫాను ఉద్యానమునందు అనేక వృక్షములను పెకలించినది; పెద్దమర్రి ఊడలు కూడ కొన్ని పడిపోయినవి. చెట్టు మాత్రము నిలిచినది.

ఇచ్చట పిల్లలు అడుగు ప్రశ్న ఒకటే: "మొదటి చెట్టేది?" దానికి సమాధానము చెప్పుట పెద్దలకే తెలియును. పల్లెలో పెరిగిన అమ్మమ్మ మర్రిఊడతో పండ్లు తోముకొన్నది; ఊడలు పట్టుకొని ఊయలలూగినది; మర్రియాకులు కుట్టి విస్తరి చేసినది. "ఊడ దిగిన కొమ్మకు భయము లేదురా" అని ఆమె అనగలదు. ఆ మాట పలకమీద వ్రాసియుండదు. మర్రిని, రావిని, జువ్విని, మేడిని ఆకు చూచి వేరుచేయుట ఆమెకు వచ్చును. ఈ నాలుగును ఒకే జాతివని వృక్షశాస్త్రము చెప్పును. వీని పూవులు కాయలోపల దాగియుండుటయు, మిక్కిలి చిన్నదైన ఒక కందిరీగ లోనికి దూరి పరాగమును చేరవేయుటయు తండ్రి పుస్తకము చూచి చెప్పవచ్చును. అమ్మమ్మ చెప్పినదియు, తండ్రి చదివినదియు ఒక చెట్టు క్రింద కలిసినచో పిల్లవానికి పాఠము పూర్తియగును.

రెండవ తావు, మూడవ తావు

రెండవ తావునకు పిల్లల యిష్టమును పాటింపవలెను. ఈ తోటలో 'పిచ్చిచెట్టు' అని అందరును పిలుచు చెట్టొకటి కలదు. సాధారణముగా ఒక చెట్టు ఆకులన్నియు ఒక్క తీరున నుండును. దీని ఆకులు ఒకదానితో నొకటి పోలవు. ఒకటి చీలియుండును, ఒకటి వంకరగా నుండును, ఒకటి నిండుగా నుండును. కొమ్మను ముట్టకుండ, నేల రాలిన ఆకులలో ఒక్క తీరువి రెండు తెమ్మని పిల్లలను పంపినచో వారు చాలసేపు వెదకుదురు. అంతసేపును పెద్దలకు విశ్రాంతి. ఈ చెట్టు ఏ జాతికి వికృతియో ఆ జాతిని మొదట వర్ణించినవాడు రాక్స్‌బరోయే.

తాళవృక్షముల గృహమును చూడగోరువారు దానిని రెండవ తావుగా చేసికొనవచ్చును. సెషెల్సు దీవులలో పుట్టు జంటకొబ్బరి విత్తనము సమస్త వృక్షలోకమున పెద్దది. అట్టి విత్తనము నొకదానిని 1894లో ఈ తోటలో నాటిరి. నాటినవారిలో ఎవరును దాని కాయను చూడలేదు. ఫలము తమకు దక్కదని తెలిసియే నాటిన చెట్లు ఈ తోటలో పెక్కులు. 1795లో తెచ్చి నాటిన మహాగని మొక్కలును అట్టివే.

మూడవ తావు నీటియొడ్డు. 1864 నాటి తుఫాను ఉద్యానమును పాడుచేసిన పిమ్మట, 1871లో అధిపతియైన జార్జి కింగు తోటను మరల తీర్చిదిద్దెను. పల్లపు నేలను త్రవ్వి చెరువులు చేసి, ఆ మట్టితో మెరకలు పోసి, దారులు వేయించెను. ఆ చెరువుల గట్టున కూర్చుండుట సుఖము. ఓపిక యున్నవారు హుగ్లీ యొడ్డు వరకు పోయినచో, రాక్స్‌బరో నివసించిన పాత భవనమును చూడవచ్చును. సామర్లకోటనుండి వచ్చినవాడు ఈ నదిని చూచుచు 20 సంవత్సరములు గడిపి, రెండున్నర వేలకు పైగా మొక్కల చిత్తరువులు వ్రాయించి, 1813లో స్వదేశమునకు పోయెను.

నాలుగక్షరముల ఆట

నోటుపుస్తకము తెచ్చినందులకు దానికి పని కల్పింపవలెను. ఉద్యానములో చెట్లకు పలకలు కట్టియుందురు. పలకమీద లాటిను పేరును, దాని చివర ఆ పేరు పెట్టిన శాస్త్రజ్ఞుని గుర్తును ఉండును. రాక్స్‌బరోకు గుర్తు ఆయన యింటిపేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరములు. ఆ నాలుగక్షరములు గల పలకలను ఎవరు ఎక్కువ కనిపెట్టుదురో చూడుమని పిల్లలకు పందెము పెట్టవచ్చును. తునికి, వేగిస, తాండ్ర, ఈత — వీని పేర్ల వెనుక ఆ గుర్తుండును.

పందెములో రెండవ సగము పెద్దవారిది. పిల్లవాడు పలక చదివి లాటిను పేరు వ్రాసికొనును. అమ్మమ్మయో, తాతయ్యయో చెట్టును చూచి తెలుగు పేరు చెప్పవలెను. దానితో పాటు ఆ చెట్టు ఇంటికెట్లు పనికివచ్చునో ఒక్క వాక్యము చెప్పవలెను. తునికి పండు తీపి, ఆకు బీడీకి పోవును. తాండ్ర త్రిఫలములలో నొకటి. వేగిస చేవతో చేసిన గ్లాసులో రాత్రి నీరు నిలువయుంచి ఉదయమున త్రాగినచో మధుమేహమునకు మంచిదని పల్లెలలో చెప్పుదురు. ఈతాకుతో చాపలల్లుదురు. అంకుడు కర్రతో ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయుదురు. ఆ అంకుడాకునుండి నీలిరంగు తీయవచ్చునని రాక్స్‌బరో వ్రాసెను. పలకలేని చెట్టు ఎదురైనచో అచ్చట పెద్దవారి మాటయే పలక. పేరు గుర్తునకు రానిచో సిగ్గుపడవలసినది లేదు. "మా ఊరిలో చెరువుగట్టున ఉండెడిది" అన్న మాటను కూడ వ్రాసికొనవలెను. పేరు రాత్రికి గుర్తువచ్చును.

ఈ యాటలో గెలుపోటములు త్వరలోనే మరపునకు వచ్చును. పేర్లు మిగులును. తెలుగు పాఠ్యపుస్తకములలో చదువుకొన్న పొగడ, పొన్న, కడిమి, సంపెంగ అను మాటలు పిల్లలకు ప్రాసకు వచ్చెడి శబ్దములుగా మాత్రమే తెలియును. కావ్యములోని వనవర్ణనమును చదువునప్పుడు ఉపాధ్యాయుడు "ఒకానొక వృక్షవిశేషము" అని అర్థము చెప్పి ముందుకు సాగును. నిఘంటువులోను అదే యుండును. చెట్టును చూడక పేరు నేర్చినవానికి పేరు నిలువదు. పేరు తెలియక చెట్టును చూచినవానికి చెట్టు నిలువదు. రెండును ఒకచోట చేర్చు శక్తి ఉద్యానమునకు సగము, ముసలివారికి సగము కలదు. ఉద్యానము నూరేండ్ల తరువాతను ఉండవచ్చును. రెండవ సగము అట్లు నిలువదు.

తిరుగుప్రయాణము

పగటి మూడుగంటలకు బయలుదేరుట మంచిది. అలసట కోపముగా మారక మునుపే దినము ముగియవలెను. జాబితాలో మిగిలిన తావులను గూర్చి చింతింపనక్కరలేదు. వెదురుపొదలు, ఔషధివాటిక, చూడని చెరువులు మరియొక సంవత్సరమునకు ఉండును. రాలిన ఆకులు తప్ప వేరేమియు కోసికొని రాకూడదని పిల్లలకు గట్టిగా చెప్పవలెను. ఆకులను సైతము తోటవారిని అడిగియే తీసికొనవలెను. విడిచివచ్చిన చోట కాగితపు ముక్కయైనను ఉండరాదు.

రైలులో కూర్చుండిన పిమ్మట నోటుపుస్తకము తెరచి, ఆ దినము వ్రాసికొన్న పేర్లను ఒకసారి పెద్దవారిచే బిగ్గరగా చదివింపవలెను. అప్పుడు వారికి మరచిన పేర్లు రెండు మూడు తప్పక గుర్తువచ్చును. ఒక చెట్టునకు తమ ఊరిలో ఒక పేరు, పుట్టింటివైపు మరియొక పేరు ఉన్నదని కూడ తెలియును. రెండును వ్రాసికొనవలెను. శ్రీకాకుళమువారి పేరు, గోదావరివారి పేరు, తెలంగాణమువారి పేరు వేరైనచో అది తప్పు కాదు, సంపద. పిల్లవాడు పేరు ప్రక్కన "అమ్మమ్మ చెప్పినది" అని వ్రాసి తేదీ వేయవలెను. సామర్లకోట ప్రాంతపు పల్లెలలో పేర్లు చెప్పినవారికి ఆ మాత్రపు గౌరవము జరుగలేదు. ఇంటిలోని వారికి జరుపుటకు ఒక పెన్సిలు చాలును.